ఓటు ఎవరికి? గోదావరి డెల్టా ఓటరు ముందున్న ఆరు హామీల పోలిక

2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026తో తీరిపోతుంది. వాటి వెనకే మండల, జిల్లా పరిషత్తులు, ఆపైన 2029లో శాసనసభ, లోక్‌సభ. గోదావరి జిల్లాల్లో మైకు మోగని నెలలు ఇక తక్కువే. వచ్చే ప్రతి అభ్యర్థీ రైతుకు అండగా ఉంటానంటాడు, వరద వస్తే ఆదుకుంటానంటాడు, ఊరి రూపురేఖలు మార్చేస్తానంటాడు. అన్నీ మంచి మాటలే కాబట్టి ఎంచుకోవడం కష్టం. చివరికి కులమో, బంధుత్వమో, పోలింగుకు ముందురోజు రాత్రి ఇంటికొచ్చిన కవరో తేల్చేస్తుంది.

వాతావరణ మార్పును లెక్కలోకి తీసుకుని ఓటు వేయాలనుకునేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. కరపత్రాల్లో ఆ మాట దాదాపు కనిపించదు. కనిపించినా చివరి పేజీలో "పర్యావరణ పరిరక్షణకు కృషి చేస్తాం" అన్న ఒక్క వాక్యం. దాన్ని చూసి మార్కులు వేయలేం. మన దగ్గర వాతావరణ విధానమంతా వేరే పేర్లతో తిరుగుతూ ఉంటుంది: డ్రెయిన్ (మురుగు కాలువ) పూడికతీత, ఏటిగట్టు, పంటల బీమా, చేపల చెరువుల అనుమతి, కాలువకు నీళ్లు వదిలే తేదీ. అందుకే ఇక్కడ పార్టీలను పోల్చడం లేదు. డెల్టాలో వినిపించే ఆరు రకాల హామీలను పక్కపక్కన పెడుతున్నాను. మీ గడప తొక్కిన అభ్యర్థి వీటిలో దేని గురించి మాట్లాడుతున్నాడో, దేని గురించి నోరు మెదపడం లేదో మీరే పోల్చుకోవచ్చు.

## ముందు నేల సంగతి

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి ఇప్పుడు సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు. ఇంత భూమికి నీరు తేవడం ఎంత పెద్ద పనో, ఆ నీటిని మళ్లీ బయటికి పంపడం కూడా అంతే పెద్ద పని. సముద్రం వైపు వెళ్లేకొద్దీ నేలకు వాలు దాదాపు ఉండదు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, దొరికే కొద్ది గంటల్లోనే మురుగు కాలువలు ఖాళీ కావాలి. పోటు మొదలైతే నీరు ఎదురుతన్నుతుంది.

1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. జానెడు నీటికి ఇంత గొడవా అని మెట్ట ప్రాంతం వాళ్లు అనుకోవచ్చు. చేనుకూ సముద్రానికీ మధ్య తేడా కొద్ది అడుగులే ఉన్నచోట, ఆ జానెడు వల్ల డ్రెయిన్ ఖాళీ అయ్యే సమయం తగ్గిపోతుంది. పైగా ఎగువన ఉన్న ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి. ఏటా కొత్త మట్టి పేరుకుని పైకి లేవాల్సిన డెల్టా నేలకు ఆ అవకాశం తగ్గింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు కాబట్టి, కురిసే వాన కూడా ఒక్కసారిగా కుమ్మరించే అవకాశం పెరుగుతోంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17.75 లక్షలకే. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. వీటిలో ప్రతిదానికీ వాతావరణ మార్పే కారణమని ఎవరూ చెప్పలేరు. 1986 వరద 2022 వరదకంటే పెద్దది కూడా. అయితే రాబోయేవాటికి సిద్ధపడే నిర్ణయాలు ఎన్నికైనవారి సంతకాల మీదే ఆధారపడి ఉన్నాయి.

## దేనితో కొలవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సింది, పని ఎప్పుడు జరుగుతుంది అని. డెల్టాలో కాలువలు కట్టేసే రోజులు ఏప్రిల్, మే. డ్రెయిన్ తవ్వాలన్నా, లాకులు బాగుచేయాలన్నా, స్లూయిస్ (డ్రెయిన్ నీటిని వదిలే, ఆపే కట్టడం) తలుపు మార్చాలన్నా దొరికేది ఆ కొద్ది వారాలే. జులైలో మొదలైన పూడికతీత కాగితం మీద పూర్తవుతుంది, గుర్రపుడెక్క మాత్రం అక్కడే పచ్చగా ఉంటుంది. ఆగస్టులో పడవెక్కి వచ్చి చేతులు ఊపే నాయకుడికంటే మార్చిలో అంచనాల కాగితాలు పట్టుకుని ఇంజినీర్ల చుట్టూ తిరిగే నాయకుడు మనకు ఎక్కువ అవసరం. ఈ వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పేది ఏదైనా ఉంటే ఇదే.

రెండోది, ఆ పని అతని చేతిలో ఉందా? సముద్ర తీరానికి రాళ్ల గోడ కట్టిస్తానని సర్పంచి అభ్యర్థి అంటే నవ్వి ఊరుకోవాలి. ఊళ్లో బోదె (చేలకు వెళ్లే పిల్ల కాలువ) పూడిపోయిందని పార్లమెంటు అభ్యర్థిని నిలదీయడమూ అంతే.

మూడోది, ఆ మేలు ఎవరి ఖాతాలో పడుతుంది? నాలుగోది, మన ఊరి నీటిని పక్క ఊరి మీదకు తోసేస్తున్నామా? అయిదోది, సముద్రం ఇంకో జానెడు పెరిగాక కూడా ఈ పనికి విలువ ఉంటుందా?

| హామీ | పని జరిగే కాలం | నిర్ణయం ఎవరిది | ముందుగా మేలు ఎవరికి | పక్కవారి సంగతి | ఇరవై ఏళ్లకు |
|---|---|---|---|---|---|
| పరిహారం, బీమా | నష్టం జరిగాక | కేంద్రం, రాష్ట్రం | కాగితాలున్న రైతుకు | ఇబ్బంది లేదు | ఖర్చు పెరుగుతూ పోతుంది |
| ఏటిగట్టు, తీర రక్షణ గోడ | వేసవి | రాష్ట్రం, కేంద్రం | గట్టు లోపలివారికి | కోత పక్కకు జరగవచ్చు | మళ్లీ మళ్లీ పెంచాలి |
| డ్రెయిన్లు, స్లూయిస్‌లు | ఏప్రిల్, మే | రాష్ట్రం. చిన్నవి పంచాయతీ | పల్లపు చేలకు | కింది ఊరూ చేస్తేనే ఫలితం | ఏటా చూసుకుంటే నిలుస్తుంది |
| ముందస్తు సార్వా (ఖరీఫ్ వరి), విత్తనాలు | మే, జూన్ | రాష్ట్రం, నీటి సంఘాలు | వరి రైతుకు, కౌలు రైతుకు | అందరూ కలిసి కదలాలి | ఒక్కటే చాలదు, ఖర్చు తక్కువ |
| మడ అడవులు | ఏళ్ల తరబడి | రాష్ట్రం, కేంద్రం | తీర గ్రామాలకు | చెరువుల భూమితో పేచీ | చెట్టు పెరిగేకొద్దీ బలం |
| పరిశ్రమలు, సౌర విద్యుత్తు | ఎప్పుడైనా | రాష్ట్రం, కేంద్రం | పట్టణాలకు, యువతకు | స్థలాన్ని బట్టి | మూల కారణం తగ్గుతుంది, మునక ఆగదు |

## పరిహారం హామీ

అన్నిటికంటే సులువైన హామీ ఇది. చప్పట్లూ ఎక్కువే. నష్టపోయినవాడికి డబ్బు వద్దని ఎవరంటారు? కానీ లెక్క చూడండి. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతమో అంతకుమించో పోతేనే సాయం. నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే ఏడు వేలు కూడా రాదు. రాష్ట్రం తన వంతుగా కొంత కలపవచ్చు. ఆ నిధిలో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75 శాతం కాబట్టి, ఈ కొలతలు మారాలంటే అడగాల్సింది పార్లమెంటు అభ్యర్థిని.

ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్నది ఇంకో సంగతి. డెల్టాలో నాగలి పట్టేది చాలాచోట్ల కౌలు రైతే. 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం, అంటే సీసీఆర్సీ కార్డు, భూ యజమాని సంతకం ఉంటేనే వస్తుంది. పదకొండు నెలలకే చెల్లుతుంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో వెనకాడే యజమానులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎకరానికి ఇంత ఇప్పిస్తామని వేదిక మీద చెప్పేవారిని "కార్డు లేని కౌలుదారుకు ఎలా ఇస్తారు?" అని ఒక్క మాట అడగండి. సమాధానం సూటిగా వస్తే అతను పొలం గట్టు మీద నడిచినవాడు.

బీమాది వేరే లెక్క. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా సార్వాకు 2 శాతం, దాళ్వాకు (రబీకి) 1.5 శాతం. వరి మునకను స్థానిక విపత్తుల జాబితా నుంచి 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి తిరిగి చేర్చాలని కేంద్రం నిర్ణయించింది. ఎనిమిదేళ్ల పాటు మునిగే ప్రాంతపు రైతుకు మునక బీమా సరిగా లేకుండా పోయిందంటే, ఢిల్లీలో మన గొంతు ఎంత వినిపించిందో ఊహించుకోండి.

పరిహారం అవసరమే. పరిహారం తప్ప వేరే హామీ లేని అభ్యర్థి మాత్రం మునక ఖాయమని ఒప్పుకున్నట్టే.

## గట్టు, గోడ

నది మధ్య ఉన్న లంక గ్రామాలకు, ఏటిగట్టు వెంట ఊళ్లకు ఇది ప్రాణాల సంగతి. 2022 వరదలో గట్ల మీద ఇసుక బస్తాలు మోసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. గట్టు బలహీనంగా ఉన్నచోట ఈ హామీ ఇచ్చేవాడికి ఓటు వేయడంలో తప్పు లేదు. రెండు జాగ్రత్తలు చాలు. ఒకటి, గట్టును పటిష్ఠం చేస్తానంటూనే పక్కన ఇసుక తవ్వకాలను చూసీచూడనట్టు వదిలేసేవాడిని నమ్మవద్దు. ఒడ్డు పునాది కోసుకుపోయాక పైన ఎంత మట్టి పోసినా నిలవదు. రెండు, గట్టు బయట ఉన్న లంకలవాళ్లకు ఏమి చేస్తారో అదే నోటితో చెప్పించండి.

సముద్రపు గోడ కథ కాకినాడ జిల్లా ఉప్పాడ దగ్గర చూడవచ్చు. అక్కడ ఇళ్లు, రోడ్డు ఏళ్లుగా కెరటాల పాలవుతున్నాయి. రాళ్లు పోశారు, జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచుల) గోడ కట్టారు, అదీ దెబ్బతింది. ఒకచోట గట్టిగా అడ్డుకుంటే అల పక్కకు జరిగి అక్కడ తినడం మొదలుపెడుతుంది. ఉప్పాడ జనానికి గోడ వద్దని చెప్పే హక్కు ఊరు కోల్పోని మనకు లేదు. గోడతో పాటు వెనక్కి జరిగే కుటుంబాలకు స్థలం ఎక్కడ, పడవలు పెట్టుకునే చోటు ఎక్కడ అనే మాట కూడా హామీలో ఉండాలి. మత్స్యకారుణ్ని తీరానికి పది కిలోమీటర్ల దూరంలో ఇల్లిచ్చి కూర్చోబెడితే అతను బతికేది ఎలా?

## డ్రెయిన్ల హామీ

నా ఓటు ముందుగా దీనికే. ఆకర్షణ లేని హామీ ఇది. ప్రారంభోత్సవానికి రిబ్బను ఉండదు, శిలాఫలకం పెట్టుకోవడానికి గోడ కూడా ఉండదు.

తీరం దగ్గరి ఒక అవుట్‌ఫాల్ స్లూయిస్ దగ్గర నిలబడి చూస్తే సంగతంతా అర్థమవుతుంది. పాటు వేళ లోపలి నీటి ఒత్తిడికి తలుపు బయటికి తెరుచుకోవాలి. పోటు రాగానే సముద్రపు నీరు దాన్ని మూసేయాలి. తలుపు అంచు తుప్పు పట్టి జల్లెడైపోతే, లేదా ఒక తాటి దుంగ వచ్చి మధ్యలో ఇరుక్కుంటే, రెండు పనులూ ఆగిపోతాయి. వాన నీరు బయటికి పోదు, ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఆ తలుపు ఖరీదు ఊరి ముఖద్వారం ఆర్చి ఖరీదుకంటే ఎక్కువేమీ ఉండదు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరి తోటలు ఉప్పునీటికి తలలు రాలి మోడులయ్యాయి. మోడైన కొబ్బరి మళ్లీ చిగురించదు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, పెరిగిన కూలి ఖర్చులతో పాటు ముంపు కూడా దాని వెనక ఉంది. వేసిన చేను ఎలాగూ మునుగుతుందన్న నిస్పృహ రైతుకు వచ్చిందంటే అది డ్రెయిన్ వైఫల్యమే.

ఈ హామీలో దొంగదారులు ఎక్కువ. "డ్రెయిన్లు తవ్విస్తాం" అన్న మాట సరిపోదు. ఏ డ్రెయిన్, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, మొగ (డ్రెయిన్ సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేట ఎవరు తీస్తారు, ఆక్రమణలు తొలగిస్తారా అని అడగాలి. ఆఖరి ప్రశ్న దగ్గర చాలామంది గోడ మీద పిల్లులవుతారు. డ్రెయిన్ గట్టును కలిపేసుకున్న చెరువు ఎవరిదో ఊరందరికీ తెలుసు, అభ్యర్థికి ఇంకా బాగా తెలుసు. ఎగువ ఊళ్లో తవ్వి దిగువ ఊళ్లో వదిలేస్తే దిగువ ఊరు మునుగుతుంది కాబట్టి, మొగ దగ్గర మొదలుపెట్టి పైకి వస్తామని చెప్పేవాడికి పని తెలుసన్నమాట.

## ముందస్తు సార్వా

దీని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు, కానీ ఖర్చుకు తగ్గ ఫలితం దీనిలోనే ఎక్కువని నా అభిప్రాయం. జూన్ మొదట్లో నీళ్లు వదిలి, జూన్‌లోనే నారు పోస్తే నవంబరు తుపానులకు ముందే కోత అయిపోతుంది. ఆలస్యమైతే సరిగ్గా తుపాను సీజన్లో చేలు కోతకు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో ఎంతో ధాన్యం ఇంకా పొలంలోనే ఉంది. పనల మీద రెండు మూడు రోజులు నీరు నిలిస్తే కంకిలోనే మొలకలు వస్తాయి. కింద పన ఎత్తితే తెల్లటి వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. ఆరబెట్టినా గింజ రంగు మారిపోతుంది, 17 శాతం తేమ నిబంధన దాటిందని కొనుగోలు కేంద్రంలో పక్కన పెడతారు.

నీటి విడుదల తేదీ చెప్పడం తేలిక. దానికి ముందు దాళ్వా కోత పూర్తి కావాలి, కాలువ పనులు ముగియాలి, విత్తనం చేతికి రావాలి, దాళ్వా ధాన్యం డబ్బులు ఖాతాలో పడాలి. డబ్బు పడకపోతే కౌలు రైతు నారు పోయలేడు. కాబట్టి ధాన్యం సొమ్ము సకాలంలో ఇస్తామనే హామీ కూడా ఒక రకంగా తుపాను రక్షణే. విత్తనం సంగతికొస్తే, మార్టేరు పరిశోధనా స్థానం మన గుమ్మంలోనే ఉంది. స్వర్ణ వరి రకాన్ని 1982లో దేశానికి ఇచ్చింది అదే. రెండు వారాల దాకా మునకను తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం వచ్చి చాలా ఏళ్లయింది. పల్లపు చేలకు అలాంటి విత్తనం మే నెలలోనే రైతు సేవా కేంద్రంలో దొరికేలా చూస్తానని ఎవరైనా అంటే, ఆ మాట రాసి ఇమ్మనండి.

లోటు కూడా చెప్పుకోవాలి. దాళ్వాకు ఇప్పటికీ సీలేరు నుంచి వచ్చే నీళ్లే దిక్కు. పోలవరం పూర్తయితే అంతా సర్దుకుంటుందనే మాట ప్రతి ఎన్నికలోనూ వింటాం. 194 టీఎంసీల జలాశయం దాళ్వాకు భరోసా ఇస్తుంది, నిజమే. అదే జలాశయం ఒండ్రునూ పట్టేసుకుంటుంది. పల్లపు చేను మురుగును అది తీయదు.

## మడ అడవులు

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు దాటి ఉంది. 1978లో ఏర్పాటైంది. ఉప్పెన ఉద్ధృతిని మడ చెట్లు తగ్గిస్తాయన్నది తీరంలో చిన్నపిల్లలకూ తెలుసు. చేపపిల్లలకు, పీతలకు అదే పుట్టిల్లు. చెడిపోయిన మడను తిరిగి పెంచడానికి ఈ డెల్టాలోనే మంచి పద్ధతి చూపించారు. చేప ముల్లులా ఒక పెద్ద కాలువ, దాని నుంచి పక్క కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి రానిచ్చి, ఆ గట్ల మీద మొక్కలు నాటారు. నీరు రాకపోకలు సాగించని చోట లక్ష మొక్కలు నాటి ఫొటోలు దిగినా ప్రయోజనం సున్నా.

హామీ ఇచ్చే అభ్యర్థి నాటే మొక్కల లెక్క చెబుతాడు. మీరు కొట్టే చెట్ల లెక్క అడగండి. కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడను తొలగించారన్న వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడి ఇల్లు, మడ చెట్టు ఒకే భూమి కోసం పోటీ పడేలా చేసింది ఎవరన్నదే అక్కడి ప్రశ్న. ఇంటి స్థలానికి వేరే భూమి చూపించగలిగేవాడు ఉంటే రెండూ దక్కుతాయి.

## పరిశ్రమలు, సౌర విద్యుత్తు

దీని గురించి క్లుప్తంగా. వాతావరణం వేడెక్కకుండా చేసే పని అసలు ఇక్కడే ఉంది, నిజమే. ఇంటి పైకప్పు మీద సౌర పలకలకు కేంద్రం 2024 నుంచి గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మీ వీధిలో దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో స్థానిక అభ్యర్థి తెలుసుకుని మాట్లాడితే మెచ్చుకోండి. గ్యాస్, పైపులైన్ల ఉద్యోగాల గురించి మాట్లాడేవారిని మాత్రం భద్రత గురించి అడగాలి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట రెండు నెలలు ఆరలేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. తమ పొలాలు కుంగుతున్నాయని రైతులు ఫిర్యాదు చేస్తున్న చోట, నేల మట్టం కొలతలను బయటపెట్టిస్తారా?

## మీరెవరన్నదాన్ని బట్టి

పల్లపు చేల వరి రైతుకు వరుస తేలికే: డ్రెయిన్, ముందస్తు సార్వా, ఆ తర్వాతే బీమా. సొంత భూమి లేని కౌలు రైతు అయితే ముందు కార్డు సంగతి తేల్చేవాడిని చూడాలి. అది లేకుండా మిగతా ఏ హామీ వచ్చినా యజమాని ఇంటికే వెళుతుంది.

లంకల్లో ఉన్నవారికి గట్టు, ఇసుక, వరదలో పడవ, పశువులను ఎక్కించే ఎత్తైన చోటు. ఇక్కడ పరిహారాన్ని తక్కువ చేయలేం, లంక భూమి కోసుకుపోతే దానికి బీమా కూడా లేదు.

తీర మత్స్యకారులు మడ అడవుల హామీనీ గోడ హామీనీ కలిపి అడగాలి, పునరావాసం తీరానికి ఎంత దూరమో చెప్పించుకోవాలి. కొబ్బరి రైతుకు స్లూయిస్ తలుపే సర్వస్వం.

చెరువుల రైతు దగ్గరికి వచ్చేసరికి మాట తడబడుతుంది. భీమవరం చుట్టుపక్కల ఎన్ని వేల కుటుంబాలు రొయ్య మీద బతుకుతున్నాయో తెలియంది కాదు. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక ఊళ్ల స్వరూపమే మారిపోయింది. కుండపోత వానకు చెరువులో ఉప్పదనం పడిపోయి, ఆక్సిజన్ తగ్గి, తెల్లవారేసరికి పంటంతా తేలిపోయే ప్రమాదం వాళ్లకూ ఉంది. వాతావరణ బాధితుల్లో వాళ్లూ ఉన్నారు. మరోవైపు చెరువు ఊట పక్క చేనును చౌడు చేస్తోంది, చెరువు నీరు వదిలేది కూడా అదే డ్రెయిన్‌లోకి. యూనిట్ కరెంటు రూపాయిన్నరకు ఇస్తామనే హామీ రొయ్య రైతుకు కావాల్సిందే. దాంతోపాటు ఏ సర్వే నంబర్లలో చెరువులుండాలి, వదిలే నీటిని ఎక్కడ శుద్ధి చేయాలి అనేది తేల్చే అభ్యర్థి ఉంటే దీర్ఘకాలంలో రొయ్య రైతుకే లాభం. నీరు పాడైతే ముందు తెగులు వచ్చేది చెరువుకే. వరి రైతుల సభలో చెరువులను మూయిస్తానని, రొయ్య రైతుల సభలో ఎవరినీ ముట్టుకోనని చెప్పిన మనిషి ఒకడే అయితే అతని పేరు పక్కన గీత పెట్టేయండి.

రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం ఓటర్లకు ఇదంతా పల్లెటూరి గొడవలా కనిపించవచ్చు. మీ వీధి మురుగు కూడా చివరికి అదే డ్రెయిన్‌లో కలుస్తుంది. ఎండాకాలం వడగాలిలో బయట పనిచేసేవారికి నీడ, నీళ్లు, పని వేళల మార్పు గురించి మున్సిపల్ అభ్యర్థిని అడగడానికి మీకు హక్కుంది.

## ఏ ఎన్నికలో ఎంత బరువు

పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. కాబట్టి ఇక్కడ మనిషిని చూసే స్వేచ్ఛ ఎక్కువ. రాజ్యాంగం 11వ షెడ్యూలులో చిన్న నీటి వనరులు, చేపల పెంపకం, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం అన్నీ ఉన్నాయి. ఈ ఎన్నికలో వాతావరణానికి సగం మార్కులు వేయమంటాను. మిగతా సగం నిజాయతీకి.

శాసనసభకు అంత వేయలేం. అక్కడ పింఛను, బడి, ఆసుపత్రి కూడా మీ ఓటులోనే ఉన్నాయి, వాటిని పక్కన పెట్టమనడం న్యాయం కాదు. డ్రెయిన్ల బడ్జెట్, చెరువుల చట్టం, కౌలు చట్టం ఈ మూడింటి మీద అభ్యర్థి మాట, పార్టీ మాట ఒకటేనా అన్నది చూస్తే చాలు. లోక్‌సభలో మనిషికంటే పార్టీ మానిఫెస్టో ముఖ్యం. తీర నియంత్రణ నిబంధనలు, బీమా, విపత్తు నిధి కొలతలు తేలేది అక్కడే. ప్రత్యర్థుల మానిఫెస్టోల్లో ఈ మూడు పేజీలను పక్కపక్కన పెట్టి చదవడానికి అరగంట కూడా పట్టదు.

అందరూ మరిచిపోయే ఎన్నిక ఇంకొకటి ఉంది, నీటి సంఘాలది. 1997 చట్టం కింద ఏర్పడ్డాయి. చివరిసారి 2024 డిసెంబరులో జరిగాయి. డెల్టాలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పంట కాలువ, బోదెల పనులకు అతి దగ్గరగా ఉండేది ఈ సంఘమే. ఏకగ్రీవం పేరుతో నలుగురు కూర్చుని పేరు రాసుకుపోతుంటే, ఆయకట్టులో భూమి ఉన్న ఎవరైనా లేచి ప్రశ్నించవచ్చు.

## ఓటు దాకా వెళ్లాలంటే

అసెంబ్లీ, పార్లమెంటు అభ్యర్థుల ఆస్తులు, కేసులు, వ్యాపారాల ప్రమాణపత్రాలు ఎన్నికల సంఘం యాప్‌లో దొరుకుతాయి. చెరువులు, ఇసుక, కాంట్రాక్టులు ఎవరికున్నాయో అక్కడ చూసి, ఆ తర్వాత డ్రెయిన్ ఆక్రమణల మీద అతని ప్రసంగం వినండి.

పేరు జాబితాలో ఉందో లేదో ఎన్నికల తేదీ ప్రకటించక ముందే చూసుకోవాలి. 18 నిండినవారు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల ప్రాతిపదికన ఏడాదిలో నాలుగుసార్లు ఫారం 6తో చేరవచ్చు. సందేహం ఉంటే 1950కి ఫోను చేయవచ్చు. స్థానిక ఎన్నికలకూ ఆధారం అసెంబ్లీ జాబితాయే. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్లినవారు ఫారం 6ఏతో పేరు ఉంచుకోవచ్చు గానీ, ఓటు వేయడానికి మాత్రం స్వయంగా ఊరికి రావాల్సిందే. సెలవు ఎప్పుడు పెట్టుకోవాలో ఇప్పటినుంచే చూసుకోమని చెప్పండి.